కిటికీ చూసి ఇల్లాలిని చూడకండి

మా పెద్దాడపడుచుగారు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారంటే నాకు సంతోషమే. ఆవిడ తెచ్చే పూతరేకుల మీద నాకు కోపం లేదు, ఆవిడ చెప్పే ఊరి కబుర్ల మీద అంతకన్నా లేదు. కానీ తెల్లారి లేచి కాఫీ గ్లాసు చేత్తో పుచ్చుకుని మా హాలు కిటికీ దగ్గర నిలబడతారు చూడండీ, అప్పుడు మాత్రం నాకు గుండె దడ మొదలవుతుంది. ఆ కిటికీది తూర్పు ముఖం. ఏడు గంటల ఎండ దాని మీద ఏటవాలుగా పడేసరికి నిన్న సాయంత్రం వరకూ నిర్మలంగా కనిపించిన అద్దం ఒక్కసారిగా తన చరిత్రంతా బయటపెడుతుంది. నిలువు చారలు, అడ్డు చారలు, గుడ్డ తిరిగిన చోటల్లా సున్నాలు, నీటి బొట్టు ఆరిపోయిన చోటల్లా తెల్లటి చుక్కలు.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడూ అంతే. కాఫీ ఒక గుక్క తాగి, కిటికీని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏమిటమ్మాయ్, ఈ కిటికీ ఇలా ఏడుస్తోందీ?" అన్నారు.

"మొన్ననే తుడిపించానండీ వదినా" అన్నాను.

"మా కిటికీలు చూశావుగా. అద్దం ఉందో లేదో తెలీక పిచ్చిక వచ్చి కొట్టుకుంటుంది. ఊరికే అన్నారా, ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని!"

మావారు పేపరు వెనకనుంచి తల బయటికి పెట్టి, "కిటికీ అనేది చూడ్డానికి కాదక్కయ్యా, అందులోంచి బయటికి చూడ్డానికి" అన్నారు. నన్ను ఆదుకుంటున్నాననే అనుకున్నారు పాపం. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఆ కిటికీని తుడిచినదీ లేదు, సావకాశంగా అందులోంచి బయటికి చూసినదీ లేదు.

నాకు ఒళ్లు మండింది. మా వదినగారి మీద కాదు, ఆ సామెత మీద. అది ఎప్పటి సామెత? ఆ సామెత పుట్టిన ఇంటికి అద్దాల కిటికీలున్నాయా?

మా అమ్మ కాపురం చేసిన ఇంటికి కిటికీలంటే చెక్క రెక్కలు, ఇనప ఊచలు. పగలు తెరవడం, వాన వస్తే మూయడం, అంతే వాటితో పని. పండక్కి ముందు బూజుకర్ర పట్టుకుని ఒకసారి దులిపి, తడిగుడ్డతో ఊచలు తుడిస్తే ఏడాదికి సరిపోయేది. ఇంట్లో అద్దమనేది ఉంటే గింటే దేవుడి పటాలకీ, మొహం చూసుకునే అద్దానికీ, లాంతరు చిమ్నీకీ. కరెంటు పోయే రోజుల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి అమ్మ గుమ్మంలో కూచుని చిమ్నీ తుడిచేది. జల్లించిన మెత్తటి ముగ్గు ఇంత చిమ్నీలో వేసి, నాన్నగారి పాత ధోవతి ముక్క ఒకటి లోపలికి దూర్చి రెండు తిప్పులు తిప్పేది. చుక్క నీళ్లు తగలనిచ్చేది కాదు, సబ్బు మాటే లేదు. మసి అంతా ధోవతికి వచ్చేసి చిమ్నీ గాలిలా అయిపోయేది. అద్దం తుడవడంలో ఉన్న శాస్త్రమంతా ఆ గుమ్మంలోనే ఉందని నాకు అప్పుడు తెలీదు. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. చేసేది నవలలు రాయడం. నా నవలల్లో నాయికలు కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తారు, ఉత్తరం గుండెకి హత్తుకుంటారు, దూరంగా వెళ్లిపోతున్న రిక్షాని చూసి కళ్లు తుడుచుకుంటారు. చెప్పొద్దూ, పద్ధెనిమిది నవలల్లో ఒక్కత్తె కూడా కిటికీ అద్దం తుడవలేదు.

ఇప్పుడు మనం ఉండేవి ఫ్లాట్లు. హైదరాబాదులో మేముండేది నాలుగో అంతస్తు. హాల్లో ఒక గోడకి నడుం ఎత్తునుంచి పైకప్పు దాకా అద్దమే. అల్యూమినియం చట్రంలో అటూ ఇటూ జరిగే రెక్కలు. దుమ్ము లేచే ఊళ్లో, ఏడాదికి నాలుగు నెలలు మాడ్చే ఎండల్లో, గోడ ఉండాల్సిన చోట అద్దం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన జన్మలో ఒక్క కిటికీ తుడిచి ఉండడని ప్రమాణం చేసి చెప్పగలను. తుడిచుంటే అలా గీసేవాడు కాదు. ఒక రెక్క జరిపితే రెండో రెక్క వెనక దాక్కుంటుంది. తెరిచిన సందులోంచి చెయ్యి బయటికి చాచితే పక్క రెక్క బయటివైపు సగం దాకా అందుతుంది. మిగతా సగం అందాలంటే దేవుడు మనకి ఇంకో మూర పొడవు చెయ్యి ఇచ్చి ఉండాలి, లేకపోతే మనమే బయటికి వెళ్లి గాలిలో నిలబడాలి.

ఫ్లాటు చేతికిచ్చిన రోజున బిల్డరుగారిని ఈ మాటే అడిగాను. "బయటివైపు ఎలా తుడవాలండీ?" అని. ఆయన నావైపు జాలిగా చూసి, "అది మీరెందుకు చేస్తారు మేడమ్, పనిమనిషి చూసుకుంటుంది" అన్నాడు. ఈ జవాబు జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు ఆ చారల సంగతి తేల్చుకుందాం. వదినగారు ఊరెళ్లాక పంతం పట్టి కూచున్నాను. మా చిన్నవాడి పదో తరగతి పుస్తకంలో కఠినజలం అని ఒక పాఠం ఉంది. మా రోజుల్లోనూ ఉండే ఉంటుంది, నేనే వినలేదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటే ఆ నీళ్లకి సబ్బు నురగ రాదు. సబ్బు ఆ లవణాలతో కలిసి తెల్లటి తెట్టులా విడిపోతుంది. బోరు నీళ్లతో తలంటుకుంటే జుట్టు బంకబంకగా అవుతుందే, బకెట్టు చుట్టూ తెల్లటి గీత కడుతుందే, అదే ఇది. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో పెట్టిన లెక్క ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ల గతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లని అంతకు ముందే పరీక్షకి పంపి ఉన్నారు. ఆ కాయితం వెతికించి చూస్తే మాది రెండో అంకెకి దగ్గర్లో ఉంది. అంటే ఆ నీళ్లలో సబ్బుపొడి కలిపి నేను అద్దం తుడుస్తున్నానా? తుడవడం కాదమ్మా, సున్నం వేస్తున్నాను!

మరి మా వదినగారి ఇంట్లోనో? వాళ్లకి కుళాయిలో వచ్చేది గోదావరి. మా బోరుతో పోలిస్తే అది పన్నీరు. పిచ్చికని మోసం చేసే ఆ తళతళ మా వదినగారి చేతి చలవ కాదు, గోదావరి చలవ. త్ర్యంబకంలో పుట్టి అంత దూరం నడిచొచ్చిన నది చేసిన పనికి మెప్పు ఆవిడకి, భూమిలో వెయ్యి అడుగులకి పంపు దించి తోడిన నీటి తప్పుకి నింద నాకు. ఇదెక్కడి న్యాయం?

పంతం కదా, అక్కడితో ఆగలేదు. ఇంట్లో ఉన్న అద్దాలన్నిటి మీదా ప్రయోగాలు చేశాను. నవల ఒకటి నెల రోజులు ఆలస్యమయింది, ఎడిటరుగారు క్షమించాలి. నాకు తెలిసొచ్చినవి దాచుకోకుండా చెప్తాను.

తడిగుడ్డ పట్టుకుని సరాసరి అద్దం మీదికి వెళ్లడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ముందు పొడిగుడ్డతోనో మెత్తటి కుంచెతోనో దుమ్ము దులపాలి. లేకపోతే మనం చేసేది బురద కలపడమే. ఇంక నీళ్లు. బోరు నీళ్లు వద్దు. మనలో చాలామందికి ఒక మంచి అలవాటుంది, నీళ్ల ఫిల్టరు వదిలేసే వృథా నీళ్లని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం. నేల తుడవండి, బాత్రూము కడగండి, అద్దానికి మాత్రం పొరపాటున కూడా వాడకండి. ఫిల్టరు తీసేసిన ఉప్పులన్నీ చిక్కబడి ఉండేది అందులోనే. నేను రెండేళ్లు ఆ నీళ్లతోనే కిటికీలు తుడిపించి, పొదుపరినని మురిసిపోయాను.

మరి ఏ నీళ్లు? వాన నీళ్లు శ్రేష్ఠం. వాన లేకపోతే ఏసీ గొట్టంలోంచి బాల్కనీలో చుక్కచుక్కగా కారే నీళ్లు. ఆ నీళ్లు గాలిలో తేమ చల్లబడి ఏర్పడినవి, ఉప్పు దాదాపు ఉండదు. తాగడానికి పనికిరావు గానీ అద్దానికి ఇంతకన్నా మంచివి డబ్బు పెట్టినా దొరకవు. ఎండాకాలం ఒక రాత్రి గొట్టం కింద బకెట్టు పెడితే వారానికి సరిపడా వస్తాయి. ఆ నీళ్లు మూడు పాళ్లు, ఊరగాయల సీసా పక్కన ఉండే తెల్ల వెనిగర్ ఒక పాలు. వెనిగర్ లో ఉన్న పులుపు ఆ సున్నపు చుక్కల్ని కరిగిస్తుంది. నిమ్మకాయ కూడా కరిగిస్తుంది గానీ గింజలూ తొనలూ అద్దానికి అంటుకుంటాయి, నాకు నచ్చలేదు. కిటికీ గట్టు పాలరాయి అయితే దాని మీద ఒక తువ్వాలు పరుచుకోండి, పులుపు తగిలితే పాలరాయి మెరుపు పోతుంది. ఇంకో మాట, ఇది మాత్రం నవ్వులాట కాదు. తెల్లగా వస్తుందని వెనిగర్ లో బ్లీచింగు కలపకండి, ప్రాణం మీదికి తెచ్చే విషవాయువు పుడుతుంది.

సబ్బు కావాలంటే గిన్నెలు తోమే ద్రవం రెండంటే రెండు చుక్కలు. మనకి నురగ కనిపిస్తే తప్ప శుభ్రమైనట్టుండదు, అదో జబ్బు. ఆ నురగే తర్వాత చార.

గుడ్డ సంగతి. ధోవతి ముక్క మంచిదే, కానీ గంజి పెట్టినది కాకూడదు. నేను మావారి ఖద్దరు లాల్చీ ముక్కతో తుడిచి, ఎంత తుడిచినా మసకే, ఎంత తుడిచినా మసకే అని ఏడిస్తే, ఆఖరికి తెలిసింది అది గంజి అని! పాత న్యూస్‌పేపరు మన అమ్మలు వాడిందే. నీళ్లు పీలుస్తుంది, నూగు వదలదు. అయితే రంగుల పేజీ కాకుండా నల్లక్షరాల పేజీ చూసుకోండి, తెల్ల రంగు వేసిన చట్రానికి సిరా అంటకుండా చూసుకోండి. నున్నటి కాయితం పనికిరాదు, నీళ్లు పీల్చదు. కాబట్టి దయచేసి ఈ వారపత్రికని చింపకండి.

ఎండ పడుతుండగా తుడవకండి. మనం పైనుంచి కిందికి వచ్చేలోపల పైన నీళ్లు ఆరిపోయి ఉప్పు అక్కడే ఉండిపోతుంది. తూర్పు కిటికీ సాయంత్రం, పడమటి కిటికీ పొద్దున్న. లోపలివైపు అడ్డంగా తుడవండి, బయటివైపు నిలువుగా తుడవండి. అప్పుడు చార మిగిలితే అది ఏ వైపుదో చూడగానే తెలుస్తుంది. లేకపోతే లోపల నిలబడి బయటి చారని అరగంట తోమే ప్రమాదం ఉంది, నేను తోమాను.

అన్నట్టు, నీళ్లు లాగెయ్యడానికి రబ్బరు పట్టీ కర్ర ఉంటుంది చూడండి, అది కొనుక్కోండి. ఒక్కొక్క లాగుకీ రబ్బరుని పొడిగుడ్డతో తుడుచుకుంటూ, ముందు లాగిన గీత మీదికి కాస్త వచ్చేలా లాగితే చార ఉండదు. అద్దం మీద నీళ్లని రబ్బరుతో లాగడం అనగానే నాకు మేరీ ఆండర్సన్ గుర్తొస్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రపు మనిషి. చలికాలంలో న్యూయార్కు వెళ్లి ట్రాము ఎక్కితే, ముందు అద్దం మీద మంచు పడి డ్రైవరుకి దారి కనపడక అవస్థ పడటం చూసిందిట. ఇంటికి వెళ్లి, లోపల కూచునే మీట తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు ఒకటి ఆలోచించి, 1903 నవంబరులో పేటెంటు తీసుకుంది. 1905లో ఒక కెనడా కంపెనీకి అమ్మజూపితే, దీనికి వ్యాపారంలో విలువ లేదని తిప్పి పంపేశారు. పేటెంటు గడువు తీరిపోయింది, ఆ తర్వాత కార్లన్నిటికీ వైపర్లు వచ్చాయి, ఆవిడకి దమ్మిడీ రాలేదు. అద్దం బయటివైపు తుడవడానికి మనిషి బయటికి వెళ్లనక్కర్లేదు, లోపల కూచునే తుడవచ్చు అని నూట ఇరవై ఏళ్ల కిందట ఒక ఆడమనిషికి తోచింది. మన బిల్డర్లకి ఇంకా తోచలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను.

వదినగారు సంక్రాంతికి వస్తున్నారని ఫోను వచ్చిన మర్నాడు, మా పనమ్మాయితో "హాలు కిటికీ బయటివైపు కూడా బాగా తుడిచెయ్యవే, ఊరినుంచి వస్తున్నారు" అన్నాను. అని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎలా తుడుస్తుంది అని ఆలోచించలేదు. బిల్డరుగారు చెప్పినట్టే, పనిమనిషి చూసుకుంటుందని వదిలేశాను. పోపు వేసి కరివేపాకు కోసం హాల్లోంచి బాల్కనీలోకి వెళ్తూ చూద్దును కదా, ఆ పిల్ల కిటికీకి అవతల ఉంది. కింది వాళ్ల కిటికీ మీద వేసిన సజ్జ మీద నిలబడింది. రెండడుగుల వెడల్పు కూడా ఉండదది. ఎడం చెయ్యి చట్రానికి, కుడి చేతిలో న్యూస్‌పేపరు ఉండ. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. కాళ్లు తడి. వెనక నాలుగంతస్తుల గాలి.

అరవకూడదని ఎందుకో తోచింది. అరిస్తే ఉలిక్కిపడుతుందని. మెల్లిగా దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. "లోపలికి రా" అన్నాను, నా గొంతు నాకే వినపడలేదు. ఆ పిల్ల నవ్వింది. "ఏం గాదమ్మా, మా ఊర్ల చింతచెట్లు ఎక్కినదాన్నే" అంది. దానిది పాలమూరు. నా చెయ్యి పట్టుకుని కిటికీ గట్టు మీదికి ఎక్కుతూంటే మోకాలు తగిలి గట్టు మీదున్న ప్లాస్టిక్ మగ్గు బయటికి పడిపోయింది. అది కింద పడిన చప్పుడు రావడానికి ఎంత సేపు పట్టిందో... ఏమిటోనమ్మా, నాకు ఇప్పటికీ రాత్రిళ్లు ఆ సందు వినపడుతుంది, మగ్గు పడిపోయాక చప్పుడు రాకముందు ఉన్న ఆ సందు. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు.

సోఫాలో కూచోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. తాగాల్సింది నేను.

"ఎవరు ఎక్కమన్నారే నిన్ను?" అన్నాను కోపంగా. అనగానే సిగ్గేసింది. ఎవరు ఎక్కమన్నారు? నేనే.

"ఎక్కకుంటే బయట ఎట్ల తుడుస్తరమ్మా? అందరి ఇండ్లల్ల గిట్లనే తుడుస్త" అంది.

ఆ పిల్ల మా బిల్డింగులో అయిదిళ్లలో చేస్తుంది. ఒకామె ఆరో అంతస్తు. అందరం చదువుకున్న వాళ్లమే. అందరం మన పిల్లలు బాల్కనీ పిట్టగోడ దగ్గరికి వెళ్తేనే ప్రాణాలు చిక్కబట్టుకుని పరిగెత్తే వాళ్లమే. దానికి ఇద్దరు పిల్లలు, పెద్దది మూడో తరగతి.

మా పిన్ని కూతురు సింగపూరులో ఉంటుంది. దానికి ఫోను చేసి ఇదంతా చెప్తే, "ఇక్కడైతే నీకు శిక్ష పడేదే అక్కా" అంది. అక్కడ ఎత్తైన ఇళ్లలో పనిచేయడానికి వేరే దేశాలనుంచి వచ్చిన ఆడవాళ్లు కిటికీలు తుడుస్తూ జారిపడి చనిపోవడం మాటిమాటికీ జరిగి, 2012 జూన్ లో ప్రభుత్వం నియమం పెట్టింది. కిటికీకి ఊచల గ్రిల్లు ఉండాలి, తుడుస్తున్నంత సేపూ దానికి తాళం వేసి ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దగ్గరుండి చూస్తూ ఉండాలి. ఇవి లేకుండా పనిమనిషి చేత కిటికీ బయటివైపు తుడిపించడానికి వీల్లేదు, నేలంతస్తు కిటికీలూ నడవా వైపు కిటికీలూ అయితే తప్ప. హాంకాంగులో అయితే 2017 జనవరి 1 నుంచి రాసుకునే పని ఒప్పందంలోనే ఈ షరతు చేర్చారు. కిటికీకి గ్రిల్లు బిగించి ఉండాలి, తుడిచే మనిషి చేతులు తప్ప ఒంట్లో ఏ భాగమూ గట్టు దాటకూడదు. అక్కడి పని ఆడవాళ్లు వీధికెక్కి అడిగితేనే వచ్చింది ఆ షరతు, ఎవరి దయాధర్మం వల్లా రాలేదు.

చేతులు తప్ప ఏ భాగమూ గట్టు దాటకూడదు! ఎంత చిన్న మాట! దీనికి ఐ.ఏ.ఎస్. చదవక్కర్లేదు కదా, మన అపార్ట్‌మెంటు సంఘమే రాసుకోవచ్చు కదా అనుకుని ఆ ఆదివారం మీటింగుకి వెళ్లాను. పదేళ్లలో నేను మీటింగుకి వెళ్లడం అది రెండోసారి. మా సంఘానికి నియమాలు తక్కువేం లేవు. బాల్కనీ గోడ మీద బట్టలు ఆరెయ్యకూడదు, గుమ్మం బయట చెప్పుల స్టాండు పెట్టకూడదు, పనివాళ్లు పెద్ద లిఫ్టు ఎక్కకూడదు. లిఫ్టు ఎక్కకూడదన్న నియమం ఉంది గానీ, కిటికీ ఎక్కకూడదన్న నియమం లేదు!

నేను లేచి చెప్పాను. గ్రిల్లులు పెట్టుకోనివ్వండి, ఎవరూ పనివాళ్లని బయటికి ఎక్కించకూడదని ఒక తీర్మానం చెయ్యండి అని. గ్రిల్లు పెడితే ఎలివేషన్ పాడవుతుందన్నారు సెక్రటరీగారు. ఎలివేషన్ అంటే బయటినుంచి బిల్డింగు అందం. రోడ్డు మీద పోయేవాడి కంటికి బాగుండడం కోసం లోపల మనిషి ప్రాణానికి అడ్డం ఉండకూడదన్నమాట. ఇంకొకాయన, "వాళ్లకి అలవాటేనండీ, మీరు మరీ సెంటిమెంటుగా ఆలోచిస్తున్నారు, రచయిత్రి కదా" అని నవ్వారు. అందరూ నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు, అది చూశాను. వాళ్లదే ఆరో అంతస్తు.

అగ్నిప్రమాదం వస్తే గ్రిల్లులోంచి బయటపడటం ఎలా అని ఒక కుర్రవాడు అడిగాడు. అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. లోపలినుంచి తాళం తీసి తలుపులా తెరుచుకునే గ్రిల్లులు చేస్తారు, తాళంచెవి పక్కనే మేకుకి తగిలించుకోవచ్చు అని చెప్పాను. ఇనప పనిచేసే అతన్ని ముందే అడిగి వెళ్లాను లెండి. తీర్మానం వచ్చే నెలకి వాయిదా వేశారు. ఆ తర్వాత మళ్లీ వాయిదా వేశారు. నేను వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు నాతో పాటు ఆ ఆరో అంతస్తావిడ కూడా వస్తోంది.

ఇవన్నీ చదివి మీరనొచ్చు, అంత బాధగా ఉంటే నువ్వే తుడుచుకోవచ్చుగా తల్లీ అని. లోపలివైపు నేనే తుడుస్తున్నాను, మా చిన్నవాడు తుడుస్తున్నాడు, మావారి చేత కూడా రెండుసార్లు తుడిపించాను. బయటివైపు పొడుగాటి కర్రకి రబ్బరు పట్టీ బిగించి, చెయ్యి అందినంత వరకే. అందని చోట చారలున్నాయి. ఉంటాయి. పైన కుడి మూల ఒక పావురం రెట్ట కూడా ఉంది, ఈ వానాకాలం దాకా దానికి నేను కాపలా. పండగలకి ఇంటికి వచ్చే వాళ్లెవరైనా అది చూసి నన్ను అంచనా వేసుకుంటే వేసుకోనివ్వండి. మీ ఇంట్లో కూడా ఆ మూల అలాగే వదిలెయ్యమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. వేడుకోవడమేమిటి, దెబ్బలాడుతున్నాను.

పోయిన వారం మా వదినగారు ఫోను చేశారు. వాళ్లబ్బాయి ఊరి బయట కొత్త ఫ్లాటు కొన్నాడు, ఆవిడా అక్కడికి మారారు. అయిదో అంతస్తు. అక్కడికి గోదావరి నీళ్లు ఇంకా రాలేదుట, బోరే గతిట.

"అమ్మాయ్, ఆ వెనిగర్ ఎంత కలపమన్నావూ?" అన్నారు.

నవ్వు ఆపుకుని, "ఒక పాలుకి మూడు పాళ్లు నీళ్లు వదినా" అన్నాను. ఏసీ నీళ్ల సంగతీ, గంజి గుడ్డ సంగతీ అన్నీ చెప్పాను. ఆవిడ కాయితం మీద రాసుకుంటున్నారు, మధ్యమధ్యలో "ఉండు ఉండు" అంటున్నారు.

"బయటివైపు ఎవరు తుడుస్తున్నారు వదినా?" అని అడిగాను.

"ఇంకెవరు, పనిపిల్లే."

"కిటికీకి ఊచలున్నాయా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఫోను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్తున్న చప్పుడు వినిపించింది.